అమ్మను ఎత్తే నడుము

జూన్ 2, సోమవారం

నడుము పట్టేసింది. పొద్దున అమ్మను మంచం మీంచి ఎత్తి కుర్చీలో దింపుతుంటే లోపల ఎక్కడో కలుక్కుమంది. అమ్మను మాత్రం పడెయ్యలేదు. ఇది రాసి పెట్టుకోవాలి. ప్రాణం పోతున్నా కుర్చీలో మెల్లిగా దింపి, ఆ తర్వాతే గోడ పట్టుకున్నాను.

“ఏమైందిరా?” అంది అమ్మ.

“ఏం లేదు.”

“ఏం లేకపోతే గోడనెందుకు కావలించుకున్నావు?”

అమ్మ బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరిగి, ఆపరేషన్ అయి ఏడు నెలలవుతోంది. మెల్లిగా నిలబెట్టండి, నడిపించండి అన్నాడు ఆసుపత్రి డాక్టరు. ఆయనదేం పోయింది, చెప్పేసి పోతాడు. మొదటిసారి నిలబెట్టినప్పుడు అమ్మ నా చొక్కా గుప్పిట్లో పట్టుకుని వణికిపోయింది. నేనుండగా అమ్మ కాలు కింద పెట్టే అవసరం రానివ్వనని ఆ రోజే అనుకున్నాను. అప్పట్నుంచీ పొద్దునా సాయంత్రం నేనే ఎత్తుతున్నాను. ఒకసారి ఎదురింటి టీచరమ్మ చూసి, “కొడుకంటే ఇలా ఉండాలి” అంది. ఆ సమయానికి మా తలుపు తీసే ఉంటుంది. కావాలని తియ్యను. గాలి కోసం తీస్తాను.

జూన్ 4, బుధవారం

అక్క ఫోను. నర్సులుండే వృద్ధుల హోమ్ ఒకటి చూసిందట. శుభ్రంగా ఉందట.

“నీ నడుము సంగతి మరదలు చెప్పింది. నువ్వు ఎత్తలేకపోతే మొహమాటపడకురా. ఆగస్టులో వస్తాను. వచ్చి చూసి, అవసరమైతే చేర్పించేస్తాను.”

“ఎత్తగలను” అన్నాను.

“చూస్తానుగా” అంది.

అమ్మను హోమ్‌కి పంపించను. అమ్మకు మాటిచ్చాను. అమ్మ అడగలేదు, నేనే ఇచ్చాను. నడుము ఆగస్టుకల్లా బాగవ్వాలి, అంతే.

జూన్ 8, ఆదివారం

మా ఆవిడది బడి లైబ్రరీలో ఉద్యోగం. పుస్తకాల పెట్టెలు మోసి మోసి ఆవిడకూ నడుము నొప్పే. నాకంటే సీనియరు. ఇవాళ వేడినీళ్ల సంచీ కోసం ఇద్దరం పోట్లాడుకున్నాం. చివరికి ఎవరి వైద్యం వాళ్లు చూసుకోవాలని తేలింది. ఆవిడ సూపర్‌మార్కెట్ కింద సెల్లార్లో ఉన్న జిమ్‌లో చేరుతుందట. బరువులెత్తుతుందట.

“బరువులెత్తి పోయిన నడుముకి బరువులే మందా?” అన్నాను.

“సరిగ్గా ఎత్తడం రాక పోయింది. ఇప్పుడు నేర్చుకుంటాను.”

“ఈ వయసులోనా?”

“ఏ వయసు? మీకంటే చిన్నదాన్నే.”

నేను కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్తున్నాను. వెన్నుపూసల్ని చేత్తో నొక్కి సర్దే డాక్టరు. నా లెక్క చాలా సులువు. పూస పక్కకి జరిగింది, దాన్ని చోట్లో పెట్టాలి. తలుపు గడియ వదులైతే బిగిస్తాం, తలుపుని కుస్తీలకు పంపించం. ఈ మాట ఆవిడతో అన్నాను కూడా. నవ్వలేదు.

జూన్ 12, గురువారం

మహానుభావుడు! బోర్లా పడుకోబెట్టి, వీపు తడిమి, పక్కకి తిప్పి, మోకాలు మడిచి ఒక్క నొక్కు నొక్కాడు. టక్! గది బయట కూర్చున్నవాళ్లకు కూడా వినపడి ఉండాలి. లేచేసరికి పాతికేళ్లు తగ్గాయి. ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాను.

మా ఆవిడ ఇవాళ మెట్లెక్కలేక ఎక్కింది. తొడలు పట్టేశాయట. నవ్వాను.

“నవ్వండి. నవ్విన నాపచేనే పండుతుంది. మీ మెటికల డాక్టరు ఏమన్నాడు?”

మెటికల డాక్టరట. అసూయ.

జూన్ 13

నొప్పి లేదు.

జూన్ 15

కొంచెం ఉంది. మబ్బు పట్టింది కదా, అందుకే.

జూన్ 17

గురువారం ఎప్పుడొస్తుందో.

జూన్ 19, గురువారం

టక్. బంగారం.

బల్ల మీంచి దిగుతుంటే డాక్టరు ఒక మాటన్నాడు. “నేను వదులు చేసి పెడతానండీ. దాన్ని నిలబెట్టాల్సింది మీ కండరాలే. కాస్త వ్యాయామం చెయ్యండి. వంగి బరువులెత్తడం అలవాటు లేకపోతే నేనెంత సర్దినా వారానికే మళ్లీ వస్తారు.” పెద్ద పనివాళ్లకు ఈ వినయం ఉంటుంది. తన గొప్ప తను చెప్పుకోరు. మళ్లీ వస్తానని కూడా ఆయన ఎంత కచ్చితంగా చెప్పాడు!

జూన్ 26, గురువారం

ఇవాళ పరువు పోయి, మళ్లీ వచ్చింది.

మా పరుపుల షాపులో నా ప్రత్యేకత అందరికీ తెలిసిందే. మిగతా సేల్స్‌వాళ్లు పరుపు గురించి చెప్తారు. నేను బూట్లు విప్పి పడుకుని చూపిస్తాను. పడుకుని, ఒక్క ఊపులో లేచి, “చూశారా, నడుము ఎలా పట్టుకుందో!” అంటాను. ఇరవై ఏళ్లుగా ఇదే పద్ధతి. నడుము నొప్పి ఉన్నవాళ్ల కోసం చేసిన పరుపు దగ్గర ఇవాళ ఒక జంట నిలబడింది. అలవాటు కొద్దీ పడుకున్నాను. లేవబోతే నడుము రానంది.

ఏం చెయ్యను? మాట్లాడుతూ పోయాను. స్ప్రింగుల సంగతి, గుడ్డ సంగతి, గాలి ఆడే సంగతి, కంపెనీ పుట్టుపూర్వోత్తరాలు. అన్నీ అయిపోయాయి, నేను లేవలేదు. కళ్లు మూసుకుని, “అసలు లేవబుద్ధి కాదండీ” అన్నాను. ఆ భర్త భార్య వైపు తిరిగి, “చూడు ఎంత హాయిగా ఉన్నాడో” అన్నాడు. పెద్ద సైజుది కొనేశారు. పడుకునే బిల్లు చెప్పాను.

వాళ్లు వెళ్లాక పక్కకి దొర్లి, నేల మీద మోకాళ్లానించి లేచాను. సాయంత్రం డాక్టరు దగ్గరికి. టక్. ఇకనుంచి సోమవారం కూడా రమ్మన్నాడు. కాదు, నేనే వస్తానన్నాను. ఆయన ఒద్దన్నట్టు తలూపాడు, అయినా టైమిచ్చాడు.

జూలై 3, గురువారం

అద్భుతం. పొద్దున అమ్మను ఎత్తితే దూదిలా లేచింది. బరువే తెలియలేదు. నా చేతులు ఊరికే ఉన్నట్టనిపించింది. వారానికి రెండుసార్లు వెళ్లడం మొదలుపెట్టానో లేదో, ఫలితం చూడు!

మా ఆవిడకు చెప్పాను. “అవునా” అని అమ్మ వైపు చూసింది. అమ్మ కిటికీ వైపు చూసింది.

జూలై 6, ఆదివారం

మంచినీళ్ల క్యాను, ఆ పెద్దది, మా ఆవిడ వంగి, మోకాళ్లు మడిచి, ఒళ్లోకి లాక్కుని ఎత్తి స్టాండు మీద పెట్టింది. ఇంతకు ముందు నేను పెట్టేవాణ్ని. నింపేవాడు ఈసారి తక్కువ నింపినట్టున్నాడు.

ఆవిడకు నడుము నొప్పి తగ్గిందట. అడక్కుండానే చెప్పింది. బరువులు నేల మీంచి ఎత్తడంలో కిటుకంతా తుంటిలోనే ఉందట, నడుములో కాదట. ఎవరో ట్రైనరమ్మ చెప్పిందట. “అత్తయ్యను ఒక్కసారి నేను ఎత్తనా?” అంది. ఒద్దన్నాను. ఇది పుస్తకాల పెట్టె కాదు, మా అమ్మ.

జూలై 14, సోమవారం

డాక్టరు దగ్గర్నుంచి వచ్చేసరికి అమ్మ గదిలో రేడియో వేరే స్టేషనులో పాడుతోంది. రేడియో అల్మారా పై అరలో ఉంటుంది. మా ఆవిడ మార్చి ఉంటుంది. ఆవిడకు పాటలంటే పడదు, అయినా మార్చి ఉంటుంది.

అమ్మకు ఈమధ్య ఆకలి బాగా పెరిగింది. రెండోసారి వడ్డించుకుంటోంది. రంగు కూడా వచ్చింది. మనిషికి సేవ అందితే అంతే మరి.

జూలై 20, ఆదివారం

మా ఆవిడ జిమ్ నుంచి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా, “మీ మెటికల డాక్టరు కనిపించాడు” అంది.

“ఎక్కడ?”

“జిమ్‌లో. నా పక్కనే. కడ్డీకి నా కంటే డబుల్ బరువు తగిలించి ఎత్తుతున్నాడు. వారానికి మూడ్రోజులు వస్తాడట, ఏళ్ల తరబడి. ‘మీకెందుకండీ ఇది’ అనడిగితే, ‘రోజంతా వంగి జనాన్ని నొక్కాలి కదమ్మా, నా నడుము పోతే ఎవరు చూస్తారు’ అన్నాడు.”

ఇంత నవ్వుతూ ఆవిడ ఎప్పుడూ ఇంటికి రాలేదు.

ఆలోచించాను. జిమ్‌లో నడుములు పట్టేసినవాళ్లు బోలెడుమంది ఉంటారు. ఆయన పేషెంట్ల కోసం వెళ్తున్నాడు. తెలివైనవాడు.

జూలై 21, సోమవారం

ఆయన్నే అడిగాను. పేషెంట్ల కోసం కాదన్నాడు. అలా కాక ఇంకెలా అంటాడు?

ఆగస్టు 1, శుక్రవారం

అక్క వచ్చేది పదిహేడున. ఆ రోజు పొద్దున అక్క ముందు అమ్మను ఎత్తి చూపించాలి. ఎత్తితే అమ్మ ఇక్కడే ఉంటుంది. నా చేతుల్లో ఉంది వ్యవహారం. నడుములో కూడా ఉంది.

ఆగస్టు 9, శనివారం

అక్కతో ఫోన్లో చాలాసేపు మాట్లాడాను. “అమ్మ కోసం నడుము అరగదీసుకుంటున్నానే. అయినా ఒక్కరోజు మానలేదు” అన్నాను. ఉన్నమాటే కదా. అమ్మ గది తలుపు తీసే ఉంది.

ఆగస్టు 10, ఆదివారం

అమ్మ ఇవాళ బండరాయి. ఎత్తితే లేవదే! ఇద్దరం మంచం మీదికి పడబోయి ఆగాం. రెండో పట్టులో ఎలాగో కుర్చీలోకి చేర్చాను, కళ్లలో నీళ్లు తిరిగాయి. గురువారం డాక్టరు మనసు పెట్టి సర్దలేదు.

అమ్మ రోజంతా నాతో మాట్లాడలేదు. పాపం, నన్ను చూసి బాధపడినట్టుంది.

ఆగస్టు 11, సోమవారం

మళ్లీ దూది. టక్‌కి ముందే. శరీరం గురువారం టక్‌ని ఆలస్యంగా అందుకుంది.

ఆగస్టు 16, శనివారం

ఇవాళ్టిది రాయను.

అదే రోజు, సాయంత్రం

రాస్తాను. కుర్చీలో కూర్చోబెట్టారు, వేరే పనేముంది?

షాపు నుంచి వచ్చి, హాల్లో పడి ఉన్న సాక్సు తీద్దామని వంగాను. అంతే. సాక్సు! బరువెంతుంటుంది? నడుములో మెరుపొచ్చింది. నేల మీద వెల్లకిలా ఉన్నాను. కదిల్తే చావే. మా ఆవిడ జిమ్‌లో ఉంది. ఫోను టేబుల్ మీద ఉంది. అమ్మ తన గదిలో కుర్చీలో ఉంది. పిలిస్తే, లేచి రాలేనని ఏడుస్తుంది. అందుకని పిలవలేదు. మూలిగితే వినపడుతుందని మూలగలేదు కూడా. కిందపడ్డా నాదే పైచేయి అంటారు కానీ, చేతులు కూడా లేవడం లేదు.

రేపు అక్క వస్తుంది. వచ్చి నన్ను ఇలా చూస్తుంది. అమ్మను తీసుకుపోతుంది. ఫ్యాను చూస్తూ ఇదే అనుకుంటున్నాను. నిజం చెప్పాలంటే ఏడుస్తున్నాను. చెవుల్లోకి నీళ్లు పోతున్నాయి, తుడుచుకునే దారి లేదు.

చెప్పుల చప్పుడైంది. ఒక చప్పుడు, కాస్త ఆగి ఇంకొకటి. నా తల దగ్గర ఆగింది.

అమ్మ! ఒక చేత్తో గోడ పట్టుకుని నిలబడి ఉంది. ఇంకో చేతిలో తలగడ. కింద నుంచి చూస్తే చాలా పొడుగ్గా ఉంది.

“పిలవొచ్చుగా?” అంది.

“ఎలా లేచావమ్మా?”

“కాళ్లతో.”

ముందు తలగడ నా పక్కన పడేసింది. తర్వాత డైనింగ్ కుర్చీ లాక్కుని, చేతులు తొడల మీద పెట్టుకుని నిదానంగా కూర్చుంది. ఊతం పట్టుకోలేదు. నేను కింద, అమ్మ పైన. అలా కూర్చుని చెప్పింది.

“నువ్వు ఆ డాక్టరు దగ్గరికి వెళ్లడం మొదలెట్టినప్పట్నుంచే. నువ్వటు వెళ్లగానే కోడలు ఇటు వచ్చేది. కుర్చీలోంచి లే, కూర్చో. లే, కూర్చో. మొదట్లో ఏడ్చాను, తిట్టాను. అది వింటేగా! తర్వాత నీళ్ల సీసా ఒకటి చేతికిచ్చి లెమ్మనేది. నువ్వు వారానికి రెండుసార్లు వెళ్లడం పెట్టుకున్నాక బాగా కుదిరింది. మూడోసారి కూడా పెట్టుకుంటావేమోనని చూశాం.”

“మరి పొద్దున్నే నేను ఎత్తుతుంటే?”

“నేనే లేచేదాన్ని. నీ చేతులు ఊరికే వెంట వచ్చేవి.”

“పోయిన ఆదివారం?”

“ఆ రోజు కోపమొచ్చి లేవలేదు. ఫోన్లో ఏమన్నావు? నా కోసం అరగదీసుకుంటున్నావా?”

అప్పటికే నేల మీద ఉన్నాను కాబట్టి సరిపోయింది, లేకపోతే కూలబడేవాణ్ని. “నాకెందుకు చెప్పలేదమ్మా?” అన్నాను. కోపంగా అందామనుకున్నాను, గొంతు చిన్నపిల్లాడిలా వచ్చింది.

“నన్ను ఎత్తి దింపాక నీ మొహం నువ్వు చూసుకోలేదు. వెలిగిపోయేదిరా. చదువులో, పెళ్లిలో, ఉద్యోగంలో ఎప్పుడూ అంత వెలుగు చూడలేదు నేను. లేస్తానని చెప్పి అది తీసేసుకోమంటావా? పైగా నా వల్లే నడుము పోయిందని అందరికీ చెప్పుకున్నావాయె. నేను లేచి తిరుగుతుంటే నీ నడుము దేనికి పోయినట్టు?”

“దేనికీ కాదు” అన్నాను.

“అదీ” అంది.

నేను ఎత్తుతుంటే అమ్మకు సుఖంగా ఉందనుకున్నాను. నేను ఎత్తుతుంటే నాకు సుఖంగా ఉందని అమ్మ ఎత్తించుకుంది. ఒకరి కోసం ఒకరం ఇంత కష్టపడి నా నడుము విరగ్గొట్టాం. సిగ్గేసింది. దానికంటే ఎక్కువగా, అమ్మ నిలబడితే కడుపు నిండింది. ఈ రెండూ ఒకేసారి ఎలా వస్తాయో నాకు తెలియదు, కానీ వచ్చాయి.

మా ఆవిడ వచ్చింది. మా ఇద్దర్నీ చూసింది. “చెప్పేశారా అత్తయ్యా?” అంది. తర్వాత నా వెనక మోకాలు మీద కూర్చుని, చంకల కింద చేతులేసి, ఊపిరి బిగపట్టి ఎత్తింది. కుర్చీలో మెల్లిగా దింపింది. ముందు తలుపు తీసే ఉంది. ఎదురింటి టీచరమ్మ చూసింది. ఏమీ అనలేదు.

ఆగస్టు 17, ఆదివారం

అక్క వచ్చింది. అమ్మ లేచి నిలబడి గుమ్మం దాకా వెళ్లి తలుపు తీసింది. అక్క సంచీ కింద పడేసి అమ్మను పట్టుకుని భోరుమంది. తర్వాత నన్ను పట్టుకుంది. “ఎంత సేవ చేశావురా తమ్ముడూ!”

నేను చెప్పబోయాను. నోరు తెరిచాను కూడా. మా ఆవిడ పైకప్పు వైపు చూస్తోంది.

“అవును, వాడి చలవే” అంది అమ్మ. “వాడు ఇంట్లో లేనప్పుడల్లా కోలుకున్నాను.”

అక్కకు అర్థం కాలేదు, నా నడుము తడిమి కళ్లొత్తుకుంది. హోమ్ మాట మళ్లీ ఎత్తలేదు. అమ్మ నా దగ్గరే ఉంటుంది. గెలిచాను.

భోజనాలయ్యాక అమ్మ, “రేపు నీతో మీ ఇంటికొస్తాను” అంది అక్కతో. “ఎన్నాళ్లయింది నీ ఇల్లు చూసి! కొన్ని నెలలుంటాను.”

“ఇక్కడేం తక్కువైందమ్మా?” అన్నాను.

“ఏం తక్కువ కాలేదు. కాళ్లొచ్చాయి, వెళ్లొస్తాను.”

నేను ఎత్తలేకపోతే అమ్మ వెళ్లిపోతుందని ఇన్నాళ్లూ భయపడ్డాను. ఎత్తే పని లేదు కాబట్టి వెళ్తోంది. సంతోషంగా ఉందని రాయాలి. రేపు రాస్తాను.

ఆగస్టు 18, సోమవారం

డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. ఫోను చేశాను. “మంచి నిర్ణయం. ముందు ఓ రెండ్రోజులు అటూ ఇటూ తిరగండి, తర్వాత జిమ్‌లో కలుద్దాం” అన్నాడు. మానేస్తానని నేననలేదు. రాలేనని చెప్పడానికే చేశాను.

పదింటికి టాక్సీ వచ్చింది. అమ్మ చీర మార్చుకుని, కళ్లజోడు పెట్టుకుని, చేతికర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడింది. అక్క లిఫ్టు బటన్ నొక్కి పట్టుకుంది. అమ్మ వెళ్తుంటే కూర్చుని ఉండలేను కదా. కుర్చీ చేతుల మీద బలం మోపి లేవబోయాను. నొప్పి. ఆగాను. మా ఆవిడ నా వెనక్కి వచ్చి చంకలో చెయ్యి వేసింది.

అమ్మ వెనక్కి తిరిగింది. “ఎత్తకమ్మా. లేవనీ.”

ఆవిడ చెయ్యి తీసేసింది.

“కాళ్లు దగ్గరికి లాక్కో” అంది అమ్మ. లాక్కున్నాను. “ముందుకు వంగు. నడుము కాదు, తుంటి దగ్గర.” వంగాను. “ఇప్పుడు నేలని తొక్కు.”

కింద టాక్సీ హారన్ కొట్టింది. అక్క, “అమ్మా, ఆలస్యమవుతోంది” అంది. అమ్మ కదల్లేదు. నేను తొక్కాను, కూలబడ్డాను. డాక్టర్ని తిట్టుకున్నాను, పరుపుల కంపెనీని తిట్టుకున్నాను, అమ్మను కూడా తిట్టుకున్నాను. మళ్లీ తొక్కాను. తొడలు వణికాయి. సగంలో ఆగిపోయాను. ఎవరూ దగ్గరికి రాలేదు. ఇంకా తొక్కాను.

నేను పూర్తిగా లేచి నిలబడిందాకా చూసి, అప్పుడు వెళ్లింది అమ్మ.